గోరు మీద నీటిచుక్క

అనగనగా సముద్రం ఒడ్డున ముత్తెపురేవు అనే పట్నం. ఆ పట్నంలో చేపలు పట్టేవాళ్లు చేపలు పట్టేవారు, ఓడలు నడిపేవాళ్లు ఓడలు నడిపేవారు, ఊసుపోక కబుర్లు చెప్పేవాళ్లు కబుర్లు చెప్పేవారు. ఈ మూడో రకంవాళ్లే కాస్త ఎక్కువ. కానీ ఆ ఊరికి పేరు తెచ్చింది వీళ్లెవరూ కాదు. ముత్యాలకు బెజ్జాలు వేసే పనివాళ్లు.

ముత్యానికి బెజ్జం వేయడమంటే మాటలు కాదు. చెక్క దిమ్మలో చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటలో ముత్యాన్ని కూర్చోబెట్టి, దాని మీద సన్నని ఉక్కు ముల్లు నిలబెడతారు. ముల్లుకు చుట్టిన దారాన్ని జానెడు విల్లుతో ముందుకీ వెనక్కీ లాగుతారు. ముల్లు గిర్రున తిరుగుతూ ముత్యంలోకి దిగుతుంది. వేడి పుట్టకుండా పక్కనుంచి నీటి బొట్లు వేస్తూ ఉండాలి. చిన్న ముత్యమైతే పనివాడు తానే వేసుకుంటాడు, పెద్దదైతే తోడుగా ఇంకొకరు కూర్చుంటారు. చెయ్యి వెంట్రుకవాసి అదిరిందా, ముత్యం రెండు చెక్కలు. సముద్రం ఏళ్ల తరబడి చేసిన పని రెప్పపాటులో మట్టిపాలు.

అందుకే అక్కడ ఒక ఆచారం ఉండేది. పొద్దున్నే పనివాడు కుడిచేతి బొటనవేలి గోరు మీద ఒక నీటిచుక్క వేసుకుని చూసుకునేవాడు. చుక్క కదలకుండా నిలిస్తే విల్లు అందుకునేవాడు. చుక్క వణికితే విల్లు కొక్కేనికే ఉండేది. "ఇవాళ నా చుక్క నిలవలేదు" అంటే చాలు, ఎందుకని అడిగేవాళ్లు కాదు, నవ్వేవాళ్లూ కాదు. ఇంకో ఆచారం కూడా ఉంది, అది కాస్త కఠినమైనది. రాజుగారి ముత్యాన్ని పగలగొట్టినవాడు తన విల్లును సముద్రంలో వేసేయాలి. ఈ జన్మలో మళ్లీ విల్లు పట్టకూడదు.

ఆ ఊళ్లో గరుడయ్య అని ఒక పనివాడు. చేతి నేర్పు తండ్రి సోమలింగం నుంచి వచ్చింది, కోపం ఎవరి నుంచి వచ్చిందో తెలియదు. అతని ఇంటి గోడకు అటువైపు కోనప్ప. ఈ కోనప్ప తల్లిదండ్రులు ఓడతోపాటు మునిగిపోతే, సోమలింగం పసివాణ్ణి తెచ్చి కొడుకుతో సమానంగా పెంచి పని నేర్పాడు. పోయేముందు పెద్దాయన ఇంటి మధ్య గోడ పెట్టించి సగం కొడుక్కి, సగం కోనప్పకు ఇచ్చాడు.

ఆ గోడ లేచిన రోజే గరుడయ్య కడుపులో మంట మొదలైంది.

పోనీ, వచ్చినవాడు వచ్చినట్టు ఒక మూల పడి ఉండొచ్చు కదా! పొద్దున్నే అటువైపు నుంచి కోనప్ప విల్లు జుంయ్, జుంయ్ అని ఒకే తీరుగా పలికేది. అది వింటే గరుడయ్యకు చెవుల్లో సీసం పోసినట్టుండేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నవ్వులు వినిపించేవి. "వాళ్లకంత నవ్వేముంది? నా గురించే అయ్యుంటుంది" అనుకునేవాడు. సాయంత్రం అరుగు మీద పదిమందీ చేరి కబుర్లాడితే, "నన్ను పిలవలేదు చూశావా!" అని ఉడుక్కునేవాడు. పిలిస్తే మాత్రం, "వాడు పిలిస్తే నేను వెళ్లాలా?" అని తలుపు వేసుకునేవాడు.

క్రమంగా అతనికి వేళాపాళా లేకుండా పోయింది. గోడకు చెవి ఆనించి కూర్చుంటే అన్నం చల్లారిపోయేది. ఆకలి మండినప్పుడు ఇన్ని జంతికలు, ఇన్ని మిరపకాయ బజ్జీలు, వాటిమీద చారెడు ఆవకాయ. పడుకుంటే కునుకు రాదు గనుక దీపం వెలుగుతూనే ఉండేది. ఎండ పొడ తగలదు, మనిషి ముఖం చూడడు.

భార్య పేరిందేవి చెప్పి చెప్పి విసిగిపోయింది. "ఏమయ్యా, మన వంట నేను చేస్తున్నాను, దాని రుచేమిటో నీకు తెలీదు. పక్కింటి వంట ఎవరో చేస్తున్నారు, దాని వాసన మాత్రం నీకు బాగా తెలుసు!" అని దెప్పేది.

ఒకరోజు పొద్దున గరుడయ్య గోరు మీద నీటిచుక్క వేసుకున్నాడు. చుక్క వణికింది. మర్నాడూ వణికింది. ఆ తరువాతా వణికింది. విల్లు కొక్కేనికే వేలాడుతోంది. అటువైపు మాత్రం జుంయ్, జుంయ్.

"ఇవాళ కూడా నిలవలేదా?" అని వీధిలో ఎవరైనా అంటారేమోనని అతనికి బెంగ పట్టుకుంది. నిజానికి ఎవరూ అనలేదు. అయినా అతను ఒక పని చేశాడు. పిల్లలూ, చెబితే నవ్వుతారు. నీళ్లకు బదులు గోరు మీద ఆముదం చుక్క వేసుకున్నాడు! ఆముదం చిక్కన. ఎంత వణికే చేతిమీదైనా బద్ధకంగా కూర్చుంటుంది. దూరం నుంచి చూస్తే నీళ్లలాగే మెరుస్తుంది. "నా చుక్క నిలిచింది" అని వీధంతా వినబడేలా అరిచి పనికి కూర్చున్నాడు. ఊరిని మోసం చేశాననుకున్నాడు గానీ ఆ రోజు అతని చేతిలో పగిలిన ముత్యాలు ఊరివి కావు, అతనివే.

ఇలా ఉండగా ఒకనాడు ధవళకేతు మహారాజుకు రేగుపండంత ముత్యం దొరికింది. రాణిగారి ముక్కు బులాకీకి దాన్ని వేలాడదీయాలని ముచ్చటపడ్డాడు. "సోమలింగం చేతికింద పెరిగిన పనివాళ్లిద్దరు ఉన్నారట. పున్నమినాడు ఇద్దరూ సభకు రావాలి. ఎవరి చుక్క నిలిస్తే వారిదే ఈ పని" అని చాటింపు వేయించాడు.

ఆ చాటింపు విని గరుడయ్య లెక్కలు వేసుకున్నాడు. ముత్యం కోనప్పకు పోతే ఊళ్లో తలెత్తుకోలేడు. తనకు వచ్చి పగిలితే తండ్రి ఇచ్చిన విల్లు సముద్రం పాలవుతుంది. "కోనప్పగాడి దగ్గర ఏదో రహస్యం ఉంది. లేకపోతే అంత చల్లగా ఎలా ఉంటాడు? పున్నమిలోగా అది పట్టేయాలి" అని తీర్మానించుకున్నాడు.

మొదట అతని కన్ను కోనప్ప విల్లు మీద పడింది. కోనప్ప పొద్దున్నే ఎటో వెళ్లిన సమయం చూసి, పిల్లిలా లోపలికి పోయి ఆ విల్లు తెచ్చుకున్నాడు. గబగబా ఒక చిన్న ముత్యం దిమ్మలో పెట్టి లాగాడు. టప్పుమంది. విల్లు మారింది గానీ చెయ్యి అదే కదా! పళ్లు నూరుకుంటూ విల్లును తీసుకెళ్లి ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

రెండోసారి అతని కన్ను కోనప్ప కంచం మీద పడింది. గోడలో ఒక బీట ఉంది. మధ్యాహ్నం ఆ బీటలోంచి చూస్తే, కోనప్ప మట్టి ముంతలోంచి ఏదో కొంచెం కొంచెం తాగుతూ, మధ్యమధ్య కళ్లు మూసుకుంటున్నాడు. "లేహ్యం! దొరికాడు దొంగ!" అని గరుడయ్య ఎగిరి గంతేశాడు. వెంటనే అది అడిగి తెమ్మని పేరిందేవిని అటు తరిమాడు.

ఆవిడ వెళ్లి ముంతెడు తెచ్చి ముందు పెట్టింది. చోళ్ల అంబలి, అదే రాగి జావ. అందులో చిక్కటి మజ్జిగ, పక్కన ఉల్లిపాయ, ఆకు మీద ఇంత మునగాకు పప్పు.

"ఇదా?" అన్నాడు గరుడయ్య.

"ఇదే. మీ ఆయనకు చాలకపోతే మళ్లీ రా వదినా అంది కోనప్ప పెళ్లాం."

"అసలుది దాచేసి ఇది ఇచ్చారు!"

అయినా, ఎందుకైనా మంచిదని అంబలి మొత్తం తాగాడు. ఎలా తాగాడు? గోడకు చెవి ఆనించి, నిలబడి, అటువైపు ఎవరు ఎందుకు నవ్వుతున్నారో ఆలోచిస్తూ. ఆపైన నోరు చప్పగా ఉందని బజ్జీలు తిన్నాడు. చుక్క వణుకుతూనే ఉంది.

మూడోసారి అతని కన్ను కోనప్ప కాళ్లమీద పడింది. రోజూ తెల్లారేసరికి వీడు ఎక్కడికి పోతున్నాడు? గరుడయ్య తలకు గుడ్డ చుట్టుకుని, తీరం వెంబడి పడవల చాటున నక్కుతూ వెంటపడ్డాడు. కోనప్ప చేతులూపుకుంటూ నడిచాడు. వలలు ఆరేస్తున్న జాలరులతో రెండు మాటలు మాట్లాడాడు. కొంతదూరం పోయి ఇసుకలో కూర్చుని, అలలను చూస్తూ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. లేచి, బట్టలు దులుపుకుని, ఇంటికి పోయాడు. అంతే.

"ఏమీ లేనిదానికి ఎవడైనా ఇంత దూరం నడుస్తాడా? ఇక్కడే ఏదో పాతిపెట్టాడు!" అని గరుడయ్య కోనప్ప కూర్చున్న చోటు తవ్వడం మొదలుపెట్టాడు. మోచేతి లోతు తవ్వాడు. నడుం లోతు తవ్వాడు. చివరికి ఒక పీత బయటికొచ్చి అతని వేలు పట్టుకుంది.

వాచిన వేలితో ఇంటికి వచ్చి, సందె వేళ గోడవైపు చూస్తూ కూలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు గోడ బీటలోంచి ఒక లావుపాటి బల్లి తల బయటపెట్టి కిసుక్కున నవ్వింది.

"నువ్వూ నవ్వుతున్నావా?" అన్నాడు గరుడయ్య.

"నిన్ను చూసి కాదయ్యా, నా పొట్ట చూసుకుని నవ్వాను" అంది బల్లి. "నువ్వు దీపం ఆర్పవు. పురుగులన్నీ ఇక్కడే చేరతాయి. నాకు రోజూ పెళ్లిభోజనం. అటువైపు బల్లులను చూడు, చిక్కి శల్యమయ్యాయి. తినగానే కాసేపు మాట్లాడుకుని దీపం ఆర్పేస్తారు, దిక్కుమాలిన మనుషులు! నువ్వు మాత్రం ఇలాగే కుళ్లుకుంటూ ఉండు తండ్రీ, నీకు పుణ్యం ఉంటుంది."

గరుడయ్యకు ఒళ్లు మండింది. కానీ అవసరం తనది. గొంతు తగ్గించి, "నువ్వు రెండువైపులా తిరుగుతావు కదా. వాడి రహస్యం ఏమిటో చెప్పు" అన్నాడు.

"రహస్యమా? అది ఇటునుంచే అటు పోయిందయ్యా" అంది బల్లి. "గోడ కట్టకముందు సంగతి, మా అమ్మమ్మ చెప్పేది. మీ నాన్న తెల్లారగానే సముద్రం దాకా నడిచేవాడట. మధ్యాహ్నం అంబలి తాగేవాడట. దీపాలవేళకు విల్లు కొక్కేనికి తగిలించి, అరుగు మీద కూర్చుని మనసులో ఉన్నది నలుగురితో చెప్పుకునేవాడట. మీ ఇద్దరికీ చెరో ముంత పెట్టేవాడు. కోనప్ప తాగేవాడు. నువ్వు ముసలాడి చాదస్తమని నీ ముంత పిల్లికి పోసేవాడివి. మా అమ్మమ్మకు ఆ పిల్లి అంటే మహా భయం. అంబలి తాగి అది ఏనుగు పిల్లలా ఉండేదట!"

అని బల్లి టక్, టక్, టక్ అని పలికింది.

బల్లి పలికితే నిజమని నమ్మేవాళ్లు నేలమీద వేలితో తడతారు కదా. చిన్నప్పటి అలవాటు. గరుడయ్య తనకు తెలియకుండానే, ఆ వాచిన వేలితోనే నేలమీద తట్టాడు. తట్టాక తెలిసింది, ఎంత నొప్పో.

అయితే నిజం తెలిసినంత మాత్రాన మనిషి మారిపోతాడా? అసూయ అంత తేలిగ్గా వదిలే సరుకు కాదు. "మా నాన్న అలవాట్లు కూడా వాడే కాజేశాడన్నమాట!" అని అతనికి ఇంకో మంట పుట్టింది. పున్నమినాడు ఆముదం బుడ్డి నడుముకు దోపుకుని మరీ సభకు వెళ్లాడు.

సభ కిటకిటలాడుతోంది. పట్టుబట్ట మీద ముత్యం చందమామ ముక్కలా ఉంది. ముందు గరుడయ్య వంతు. అటు తిరిగి చుక్క వేసుకుని, ఇటు తిరిగి చెయ్యి చాపాడు. చుక్క కదలలేదు. సభ అంతా ఆహా అంది.

తరువాత కోనప్ప. అతను అందరి ఎదుట చెంబులోంచి నీటిచుక్క తీసి గోరు మీద వేసుకున్నాడు. చుక్క సన్నగా వణికింది.

గరుడయ్య గుండె ఆనందంతో ఎగిరింది. ఎన్నేళ్లుగా ఈ వణుకు చూడాలని ఎదురుచూశాడు!

కోనప్ప తల వంచుకోలేదు, కంగారు పడలేదు. చుక్కను విదిలించి చేతులు జోడించాడు. "మహాప్రభూ, ఇవాళ నా చుక్క నిలవలేదు. బిడ్డకు జ్వరం వస్తే రాత్రంతా ఎత్తుకుని తిరిగాను. బిడ్డ తేరుకుంటుంది, నిద్రపోతే నా చెయ్యీ కుదురుకుంటుంది. ఇవాళ మాత్రం నేను ముత్యం ముట్టను. మా అన్న చెయ్యి గొప్పది, అన్నకే ఇవ్వండి" అని పక్కకు వెళ్లి కూర్చున్నాడు.

రాజుగారు ముత్యాన్ని గరుడయ్య చేతిలో పెట్టారు.

కోరుకున్నదంతా చేతికొచ్చింది. గరుడయ్య దిమ్మ ముందు కూర్చున్నాడు. గుంటలో ముత్యం పెట్టాడు. ముల్లు నిలబెట్టాడు. విల్లు అందుకున్నాడు. తండ్రి చేతి చెమటకు నల్లబడిన విల్లు అది. ముల్లు మొన ముత్యం మీద చిన్నగా టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది. ఆ చప్పుడు ఇంకెవరికీ వినబడటం లేదు. గోరు మీద ఆముదం చుక్క మాత్రం హాయిగా కూర్చుని ఉంది.

అతను కోనప్ప వైపు చూశాడు. తన చుక్క వణికిందని పదిమందిలో చెప్పి, వాడు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. తన చుక్క నిలిచిందని పదిమందినీ నమ్మించి, తానిక్కడ చచ్చిపోతున్నాడు. గరుడయ్యకు మొట్టమొదటిసారి కోనప్ప మీద కోపం కాదు, తన మీద తనకు జాలి వేసింది.

విల్లు కింద పెట్టేశాడు.

"ప్రభూ, నా గోరు మీద ఉన్నది నీళ్లు కాదు. ఆముదం" అన్నాడు. గోరు తుడుచుకుని నీటిచుక్క వేసి చూపించాడు. అది వణికి వణికి కిందికి జారిపోయింది.

సభలో గుసగుసలు. రాజుగారు జారిపోయిన ఆ చుక్కను వంగి చూశారు. తరువాత, "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదే" అన్నారు.

"ముత్యానికి తెలిసేది ప్రభూ."

రాజుగారు ముత్యాన్ని తిరిగి పట్టుబట్టలో చుట్టించారు. "పగలకముందే చెప్పావు గనుక నీ విల్లు నీదే. కానీ నీళ్ల చుక్క నిలిచేదాకా అది కొక్కేనికే ఉండాలి. కోనప్పా, నీ బిడ్డ తేరుకున్నాక రా. ముత్యానికేం తొందర లేదు, రాణికి ఉన్న తొందర నేను చూసుకుంటాను" అన్నారు.

ఆ సాయంత్రం గరుడయ్య అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. కోనప్ప ఏమీ అడగకుండా పక్కకు జరిగి చోటిచ్చాడు. గరుడయ్య కాసేపు గొణిగాడు, కాసేపు దగ్గాడు, చివరికి అన్నీ చెప్పేశాడు. విల్లు ఎత్తుకెళ్లడం, బీటలోంచి చూడటం, ఇసుక తవ్వడం, అన్నీ.

"ఆ గొయ్యి నువ్వు తవ్విందా అన్నా!" అని కోనప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "నిన్న మన జాలరి పోలయ్య అందులో పడి, తవ్వినవాణ్ణి ఇంకా తిడుతూనే ఉన్నాడు." నవ్వు ఆగాక మెల్లగా అన్నాడు, "ఈ నడక, ఈ అంబలి అన్నీ పెద్దయ్య నేర్పినవే అన్నా. నేనేం దాచలేదు. రోజూ పొద్దున నీ తలుపు ముందు ఆగి దగ్గేవాణ్ణి, నడకకు వస్తావేమోనని."

ఆ దగ్గు గరుడయ్య రోజూ వినేవాడు. తనను వెక్కిరించడానికే అనుకునేవాడు. కళ్లు తుడుచుకున్నాడు.

బిడ్డ తేరుకుంది. కోనప్ప చుక్క నిలిచింది. రాజుగారి ముత్యం పెద్దది గనుక నీటి బొట్లు వేయడానికి తోడు కావాలి. కోనప్ప గరుడయ్యనే పిలిచాడు. విల్లు జుంయ్ జుంయ్ మంటోంది, ముల్లు దిగుతోంది, చుట్టూ ఉన్నవాళ్లు "ఏం చెయ్యి, ఏం చెయ్యి!" అంటున్నారు.

గరుడయ్య ఉండబట్టలేక కోనప్ప చెవిలో, "నాకు కుళ్లుగా ఉందిరా" అన్నాడు.

"ఉంటే ఉండనీ. నువ్వు నీళ్లు పొయ్యి అన్నా" అన్నాడు కోనప్ప, చూపు తిప్పకుండా.

ఇద్దరికీ నవ్వొచ్చింది. ముత్యం మాత్రం పగల్లేదు.

ఆ తరువాత గరుడయ్య రోజూ నడిచాడు. కొన్నాళ్లు కాళ్లు పీకాయి. నోరు ముందు మొరాయించినా, కూర్చుని, నమిలి, పేరిందేవి వంటను వేళకు తిన్నాడు. బజ్జీలు పండగకే అన్నాడు, పండగలు మాత్రం కాస్త ఎక్కువగా కనిపెట్టాడు. దీపాలవేళకు అరుగు ఎక్కి, ఆ రోజు ఎక్కడెక్కడ కడుపు మండిందో పైకే చెప్పేవాడు. చెప్పేకొద్దీ మంట చిన్నదైంది. కొన్ని రోజులు చుక్క నిలిచినట్టే నిలిచి వణికేది. "ఇవాళ నా చుక్క నిలవలేదు" అని వీధిలోనే చెప్పి నడకకు పోయేవాడు. ఎవరూ నవ్వలేదు.

ఒకరోజు పొద్దున గోరు మీద నీటిచుక్క వేసుకుంటే, అందులో వాకిలి, ఆకాశం, పక్కనే వంగి చూస్తున్న పేరిందేవి ముఖం, అన్నీ కదలకుండా కనబడ్డాయి. గరుడయ్య చెయ్యి చాపి తండ్రి విల్లు అందుకున్నాడు. గోడకు అటూ ఇటూ రెండు విళ్లూ ఒకేసారి పలికాయి.

బల్లి చిక్కిపోయింది. కొన్నాళ్లు చూసి, పెట్టె సర్దుకున్నంత కోపంగా, అసూయతో దీపాలార్పని ఇల్లు ఇంకెక్కడుందో వెతుక్కుంటూ వెళ్లిపోయింది. రాత్రిపూట మీ గోడమీద లావుపాటి బల్లి కనబడితే, ఒకసారి ఆలోచించుకోండి.

నీతి: పక్కవాడి ప్రశాంతతను చూసి కుళ్లుకుంటే మనది కూడా పోతుంది. వేళకు తిండి, వేళకు నిద్ర, కాస్త నడక, మనసు విప్పి చెప్పుకునే ఒక మనిషి ఉంటే, ఆ ప్రశాంతతను ఎవరి ఇంట్లో వాళ్లు రోజూ కొంచెం కొంచెంగా వండుకోవచ్చు.